రెండోసారి డెంగీ: కోలుకున్న పిల్లవాడి రక్తం పరిశోధకులకు ఎందుకు కావాలి?

అమ్మా, విజయవాడ సింగ్‌నగర్ నుంచి మీరు రాసినదాని సారాంశం ఇది. మీ పదకొండేళ్ల అబ్బాయికి మూడేళ్ల కిందట డెంగీ వచ్చి ఇంట్లోనే తగ్గిపోయింది. ఈ వానాకాలంలో మళ్లీ వచ్చింది, ఈసారి ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. ఒకసారి వచ్చిన జబ్బుకు ఒంట్లో రోగనిరోధక శక్తి పుట్టాలి గదా, రెండోసారి ఇంకా ఎక్కువెందుకైందన్నది మీ మొదటి ప్రశ్న. జ్వరం పూర్తిగా తగ్గి ఇంటికి వచ్చాక, పరిశోధన కోసం మళ్లీ వచ్చి రక్తం ఇవ్వమని వైద్య కళాశాలవారు అడుగుతున్నారు, అది దేనికి, ఇవ్వవచ్చా అన్నది రెండోది. గుంటూరులో జ్వరాల రక్త నమూనాల మీద చాలాకాలంగా పనిచేస్తున్నవాడిని కాబట్టి ఈ రెంటికీ వివరంగానే జవాబు చెప్పగలను. మొదటి ప్రశ్నకు ఇవాళ మన దగ్గరున్న జవాబు, రెండో ప్రశ్నలో మీరు సందేహిస్తున్న ఆ రక్తం నుంచే వచ్చింది. అందుకే రెంటినీ కలిపి చెబుతున్నాను.

డెంగీ వైరస్ ఒక్కటి కాదు, నాలుగు రకాలు. నాలుగూ దగ్గరి చుట్టాలే, అయినా రోగనిరోధక వ్యవస్థ దృష్టిలో నాలుగూ వేరువేరు. ఒక రకం సోకి తగ్గితే ఆ రకం నుంచి దాదాపు జీవితాంతం రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి నుంచి ఉండే రక్షణ మాత్రం తాత్కాలికం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆల్బర్ట్ సేబిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి మీద చేసిన ప్రయోగాల్లో, ఒక రకం సోకిన రెండు మూడు నెలల వరకు వేరే రకం ఎక్కించినా జబ్బు రాలేదు. ఆ గడువు దాటాక మళ్లీ వచ్చింది. మీ అబ్బాయికి మూడేళ్ల కిందట వచ్చినది ఏ రకమో ఇప్పుడు చెప్పడం కష్టం. మామూలుగా లేబొరేటరీల్లో ఎన్‌ఎస్‌1 అనే వైరస్ ప్రోటీను కోసం చేసే కార్డు పరీక్ష డెంగీ ఉందో లేదో చెబుతుంది గాని నాలుగింటిలో ఏదో చెప్పదు. అది తెలియాలంటే జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే తీసిన రక్తం మీద, వైరస్ జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్ష చేయాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొదటిసారి తయారైన యాంటీబాడీలు, అంటే సూక్ష్మజీవికి అంటుకుని దాన్ని ఆపడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లు, రక్తంలో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. రెండో రకం వైరస్ వచ్చినప్పుడు వీటిలో కొన్ని దానికి అంటుకుంటాయి, కానీ దాన్ని పనిచేయకుండా ఆపేంత గట్టిగా, సరైన చోట అంటుకోవు. యాంటీబాడీ తోక భాగాన్ని పట్టుకోవడానికి మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే తెల్లరక్తకణాల మీద ఎఫ్‌సీ గ్రాహకాలు ఉంటాయి. యాంటీబాడీ అంటుకున్న సూక్ష్మజీవిని లోపలికి లాక్కుని అరిగించడం ఈ కణాల పని. డెంగీ వైరస్‌కు తాను చేరదలచుకున్న చోటే ఆ కణం. దొంగను పట్టుకున్న కాపలావాడు చేతులు కట్టకుండానే ఇంట్లోకి నడిపించుకు వచ్చినట్టు, పాత యాంటీబాడీయే వైరస్‌ను కణం లోపలికి చేరుస్తుంది. లోపలికి చేరిన వైరస్ అరగదు, అక్కడే పెరుగుతుంది. దీన్ని యాంటీబాడీల ద్వారా జరిగే ఉద్ధృతి అంటారు. యాంటీబాడీలు వైరస్‌కు సాయపడగలవన్న సంగతిని 1964లో ఆస్ట్రేలియాలో రాయిల్ హాక్స్ అనే పరిశోధకుడు డెంగీకి దగ్గరి వైరస్‌లతో చేసిన ప్రయోగాల్లో మొదట చూపించాడు. అప్పట్లో దాన్ని నమ్మినవారు తక్కువ.

దాన్ని మనుషుల జబ్బుతో కలిపి ఆలోచించినవాడు స్కాట్ హాల్‌స్టెడ్ అనే అమెరికా వైద్యుడు. 1960లలో బ్యాంకాక్ ఆస్పత్రుల్లో చేరిన పిల్లల రక్తాన్ని పరీక్షిస్తున్నప్పుడు, తీవ్రమైన డెంగీ రెండు గుంపుల్లో కనిపిస్తోందని ఆయన గమనించాడు. ఏడాది దాటిన పిల్లల్లో దాదాపు అందరికీ అది రెండోసారి సోకినది, ఇది ఊహించదగినదే. ఏడాది లోపు పసిపిల్లల్లో మాత్రం అది మొదటిసారే, అయినా జబ్బు తీవ్రంగా ఉంది. ఆ పసివాళ్ల తల్లులందరికీ అంతకుముందు డెంగీ సోకి ఉంది, తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా గర్భంలోనే బిడ్డకు చేరాయి. పుట్టిన కొత్తలో ఆ యాంటీబాడీలు నిండుగా ఉన్నన్నాళ్లూ బిడ్డకు రక్షణ దొరికింది. కొన్ని నెలలు గడిచి అవి తగ్గుతూ, పూర్తిగా పోకుండా కొద్దిగా మిగిలిన దశలో వైరస్ సోకినవారికి జబ్బు ముదిరింది. మొత్తం డెంగీ పరిశోధనలో నాకు అన్నిటికంటే బలంగా తోచే సాక్ష్యం ఇదే. ఆ పసివాడి సొంత రోగనిరోధక వ్యవస్థ అంతకుముందు ఈ వైరస్‌ను చూడనే లేదు. మారింది తల్లి ఇచ్చిన యాంటీబాడీల మోతాదు ఒక్కటే.

క్యూబా దేశంలో ఎవరూ తలపెట్టకుండానే ప్రకృతి ఒక ప్రయోగం చేసింది. అక్కడ 1977లో ఒకటో రకం డెంగీ వ్యాపించి 1979 వరకు కొనసాగింది. 1981లో రెండో రకం వచ్చింది. దాదాపు 3,44,000 మందికి జబ్బు చేసింది, 158 మంది చనిపోయారు, వారిలో 101 మంది పిల్లలు. ఆ తరువాత దోమల నిర్మూలన గట్టిగా చేశారు. మళ్లీ 1997లో శాంటియాగో నగరంలో రెండో రకం తలెత్తినప్పుడు చనిపోయిన 12 మందీ పెద్దవారే. మధ్యకాలంలో పుట్టిన పిల్లలకు ఒకటో రకం సోకే అవకాశమే లేదు కాబట్టి వారికి తీవ్రమైన జబ్బు రాలేదు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందటి సోకుడు కూడా రెండోసారి జబ్బు ఎలా నడవాలో నిర్ణయించగలదని దీనివల్ల తెలిసింది.

అయితే మీరు భయపడిపోకూడదు. రెండోసారి సోకినవారిలో అత్యధికులకు మామూలు జ్వరమే వస్తుంది, చాలామందికి తెలియను కూడా తెలియదు. ముదిరేది నూటికి కొద్దిమందికే. మన దగ్గర డెంగీ ఎంత విస్తారంగా తిరుగుతోందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017, 2018లలో 15 రాష్ట్రాల్లో 12,300 మంది రక్తం పరీక్షించగా, అప్పటికే డెంగీ సోకిన గుర్తులు దేశం మొత్తం మీద 48.7 శాతం మందిలోనూ, దక్షిణాది రాష్ట్రాల్లో 76.9 శాతం మందిలోనూ కనిపించాయి. వీరిలో ఎక్కువమందికి తమకు డెంగీ వచ్చి వెళ్లిన సంగతే తెలిసి ఉండదు. అందువల్ల శాస్త్రజ్ఞులకు ఇక్కడ మిగిలే ప్రశ్న, రెండోసారి సోకిన వందమందిలో ఆ కొద్దిమందికే ఎందుకు ముదురుతుందన్నది.

దీనికి జవాబు వెతకడానికి లేబొరేటరీలో చేసే పని రెండు పద్ధతుల మీద నడుస్తుంది. మొదటిది ప్లేక్ పరీక్ష. మనిషి సీరంను, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే యాంటీబాడీలున్న ద్రవాన్ని, రెట్టింపు రెట్టింపుగా పలుచన చేసుకుంటూ పోయి, ప్రతి మోతాదుకూ అంతే వైరస్ కలిపి, కోతి మూత్రపిండం నుంచి పెంచిన వెరో కణాల పొర మీద పోస్తారు. కొన్ని రోజుల తరువాత రంగు వేస్తే, వైరస్ చంపిన చోట పొరలో తెల్లని చిల్లులు కనిపిస్తాయి. ఏ మోతాదు వరకు చిల్లులు సగానికి తగ్గాయో లెక్కపెడితే వైరస్‌ను ఆపే యాంటీబాడీల బలం తెలుస్తుంది. నాలుగు రకాల వైరస్‌తో నాలుగుసార్లు ఇదంతా చేయాలి. వెరో కణాల మీద ఎఫ్‌సీ గ్రాహకాలు ఉండవు, అందువల్ల ఈ పరీక్ష మంచినే చూపిస్తుంది, చెడును చూపించదు. అందుకే అదే సీరంను, ఆ గ్రాహకాలున్న కే562 వంటి కణాల మీద కూడా పరీక్షించాలి. ఇక్కడ ఫలితం వింతగా ఉంటుంది. చిక్కటి సీరం వైరస్‌ను ఆపేస్తుంది. కొంత పలుచన చేసినప్పుడు వైరస్ సోకిన కణాల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంకా పలుచన చేస్తే యాంటీబాడీలు ఏమీ చేయలేనంత తక్కువై, సంఖ్య మళ్లీ మామూలుకు దిగుతుంది. మేలూ కీడూ చేసేది ఒకే సీరం, తేడా మోతాదులో ఉంది. బ్యాంకాక్ పసిపిల్లల్లో నెలల తరబడి జరిగింది ఈ గాజు పలకల మీద కొద్ది రోజుల్లో కనబడుతుంది.

గాజు పలకల మీద కనబడినదల్లా మనిషి ఒంట్లో అలాగే జరుగుతుందని చెప్పడానికి లేదు. దాన్ని మనుషుల్లో నిరూపించాలంటే, జబ్బు పడడానికి ముందే తీసి దాచిన రక్తం ఉండాలి. జబ్బు పడ్డాక తీసిన రక్తంలో కొత్త యాంటీబాడీలు రోజుల్లోనే పెరిగిపోయి, అంతకుముందు ఎంత ఉండేదో చెరిపేస్తాయి. నికరాగ్వా దేశంలోని మనాగ్వా నగరంలో 2004లో మొదలుపెట్టిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వేలాది పిల్లల రక్తాన్ని ఏటా తీసి భద్రపరుస్తున్నారు. వారిలో ఎవరికైనా డెంగీ వస్తే, వెనక్కి వెళ్లి అంతకుముందు ఏడాది నమూనాను తీసి చూస్తారు. లియా కాట్జెల్నిక్, ఎవా హారిస్ బృందం 2017లో ప్రచురించిన ఫలితం ప్రకారం, వారు వాడిన యాంటీబాడీ పరీక్షలో సీరంను ఎంత పలుచన చేసినా పనిచేస్తుందో చెప్పే కొలమానం ప్రకారం యాంటీబాడీలు 1:21 నుంచి 1:80 మధ్య ఉన్న పిల్లలకు తీవ్రమైన డెంగీ ముప్పు, అసలు యాంటీబాడీలు లేనివారితో పోలిస్తే ఏడు రెట్లకు పైగా ఉంది. బాగా ఎక్కువగా ఉన్నవారికి రక్షణ దొరికింది. హాల్‌స్టెడ్ ఊహించినదానికి మనుషుల్లో ఇంత నేరుగా నిరూపణ దొరకడానికి అర్ధ శతాబ్దం పట్టింది. ఆలస్యానికి కారణం తెలివితేటలు చాలకపోవడమో యంత్రాలు లేకపోవడమో కాదని నా అభిప్రాయం. జ్వరం రాకముందే తీసిపెట్టిన రక్తం లేకపోవడమే ప్రధాన కారణం.

అలాంటి రక్తం లేకపోతే ఏమవుతుందో టీకా చరిత్ర చెబుతుంది, ఇది నేను చాలా బాధతో రాస్తున్నాను. లైసెన్సు పొందిన మొదటి డెంగీ టీకా డెంగ్వాక్సియా. దాని పెద్ద పరీక్షల్లో ముప్పై వేలకు పైగా పిల్లలు పాల్గొన్నారు. టీకా వేయకముందు రక్తం తీసినది మాత్రం వారిలో పదో వంతు నుంచి ఐదో వంతు మందికే. తక్కినవారికి టీకాకు ముందు డెంగీ సోకిందో లేదో ఎవరికీ తెలియదు. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి ఎనిమిది లక్షలకు పైగా బడిపిల్లలకు ఆ టీకా వేశారు. అంతకుముందు డెంగీ సోకని పిల్లల్లో ఆ టీకా మొదటి సోకుడులా పనిచేసి, తరువాత నిజంగా వైరస్ సోకినప్పుడు ఆస్పత్రి పాలయ్యే ముప్పును పెంచుతోందని 2017 నవంబరులో తయారీదారే ప్రకటించవలసి వచ్చింది. ఈ సంగతి తేల్చడానికి శాస్త్రజ్ఞులు ఒక తెలివైన దారి వెతికారు. ఆ టీకాలో ఎన్‌ఎస్‌1 ప్రోటీను డెంగీది కాదు, పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) వైరస్‌ది. కాబట్టి డెంగీ ఎన్‌ఎస్‌1 మీద యాంటీబాడీలు ఉన్నాయంటే అవి సహజంగా సోకినందువల్ల వచ్చినవని అర్థం. మొదటి మోతాదు వేసిన పదమూడో నెలలో అందరి దగ్గరా తీసిన నమూనాలను ఈ కొత్త పరీక్షతో మళ్లీ చూసి, ఎవరికి ముందే సోకిందో అంచనా వేశారు. ఆ రక్తం కూడా దాచకపోయి ఉంటే ఈ నిజం ఇంకెన్నాళ్లకు తేలేదో! ఆ తరువాత ముందు డెంగీ సోకినట్టు రుజువున్నవారికే ఆ టీకా అన్నారు. మన దేశంలో పనేసియా బయోటెక్ తయారుచేసిన ఒకే మోతాదు టీకా మూడో దశ పరీక్షను భారత వైద్య పరిశోధన మండలి 2024 ఆగస్టులో పది వేల మందికి పైగా పెద్దవారిలో మొదలుపెట్టింది. అందులో టీకాకు ముందున్న యాంటీబాడీల స్థితి మీద మనందరి దృష్టీ ఉండాలి.

కథంతా యాంటీబాడీలదే అనుకోవద్దు. మీ అబ్బాయికి జ్వరం దిగుతున్న రోజునే పరిస్థితి విషమించిందని రాశారు. డెంగీలో అది సహజం. జ్వరం మొదలైన మూడు నుంచి ఏడు రోజుల మధ్య, జ్వరం దిగే సమయంలో, సన్నని రక్తనాళాల గోడల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారుతుంది. రక్తం చిక్కబడి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు) పెరుగుతుంది, నాడి బలహీనపడుతుంది. అదే సమయానికి రక్తంలో వైరస్ తగ్గిపోతూ ఉంటుంది. వైరస్ తగ్గుతుండగా జబ్బు ముదరడమంటే, నష్టంలో ఎక్కువ పాలు మన ఒంటి ప్రతిస్పందనదేనని అర్థం. తెల్లరక్తకణాలు విడుదల చేసే సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లు నాళాల గోడలను వదులు చేస్తాయి. వైరస్ రక్తంలోకి వదిలే ఎన్‌ఎస్‌1 ప్రోటీను తన వంతుగా నాళాల లోపలి పూతను దెబ్బతీస్తుందని 2015 నుంచి వచ్చిన ప్రయోగాలు చూపించాయి. ఇక వైరస్ సోకిన కణాలను గుర్తుపట్టి ఎదుర్కొనే తెల్లరక్తకణాలైన టీ కణాల విషయంలో వాదం ఇంకా తెగలేదు. పాత రకాన్ని గుర్తుపెట్టుకున్న టీ కణాలు కొత్త రకం మీద సరిగా పనిచేయక హాని చేస్తాయని కొందరు, రక్షణకు అవే ఆధారమని మరికొందరు అంటున్నారు. ఢిల్లీలోని ఐసీజీఈబీ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థలో కాజా మురళీకృష్ణ, అన్మోల్ చండేలే బృందం మన దేశపు రోగుల రక్తంలోనే చూసి 2016లో ప్రచురించిన పనిలో, డెంగీ సమయంలో సీడీ8 అనే రకం టీ కణాలు విపరీతంగా పెరిగినా, వాటిలో వైరస్‌తో పోరాటానికి పనికొచ్చే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీను తయారుచేయగలిగినవి కొద్దిపాటివేనని తేలింది. సైన్యం పెద్దదైనంత మాత్రాన పని జరగదన్నమాట. ఇలాంటి పని చేయడానికి సీరం ఒక్కటే చాలదు, బతికున్న కణాలు కావాలి. రక్తం తీసిన కొద్ది గంటల్లో కణాలను వేరుచేసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచాలి. రోహిణీ కార్తె ఎండల్లో విజయవాడ నుంచి గుంటూరుకు నమూనా పెట్టె తెప్పించుకోవడం ఎంత జాగ్రత్తతో చేయాల్సిన పనో, చేసినవారికి తెలుస్తుంది.

మీ అబ్బాయి రక్తం ఇప్పుడెందుకన్నది మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆస్పత్రిలో తీసినది జబ్బు సమయపు నమూనా. అందులో వైరస్ రకం, ఎన్‌ఎస్‌1, కల్లోలంలో ఉన్న కణాలు కనిపిస్తాయి. రెండు మూడు వారాలకు తీసేదానితో పోల్చితేనే ఏ యాంటీబాడీలు ఎంత పెరిగాయో తేలుతుంది. ఆరు నెలలకో ఏడాదికో తీసేది నిలిచిపోయిన జ్ఞాపకాన్ని చూపిస్తుంది, మూడోసారి సోకితే అదే అతనికి ముందటి నమూనా అవుతుంది. మూడోసారి, నాలుగోసారి సోకినవారిలో తీవ్రమైన జబ్బు అరుదు. ఎందుకు అరుదో తెలుసుకుంటే, నాలుగు రకాలనూ కలిపి ఆపే యాంటీబాడీలు ఎలా పుడతాయో తెలుస్తుంది. పిల్లవాడు బాగయ్యాక తల్లిదండ్రులు మళ్లీ రాకపోవడం సహజమే, కూలి పోతుంది, బడి పోతుంది, పిల్లవాడు సూదికి ఏడుస్తాడు. అందువల్ల మా ఫ్రీజర్లలో జబ్బు సమయపు నమూనాలు బోలెడు, వాటికి జత నమూనాలు కొద్ది.

ఇవ్వవచ్చా అంటే, నిస్సందేహంగా ఇవ్వవచ్చు. కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. సంస్థాగత నైతిక సంఘం అనుమతి ఉందా, ఎన్ని మిల్లీలీటర్లు తీస్తారు, ఎన్నిసార్లు, మిగిలిన నమూనాను ఎన్నాళ్లు దాస్తారు, వేరే పరిశోధనకు వాడాలంటే మళ్లీ మిమ్మల్ని అడుగుతారా, రాకపోకల ఖర్చు ఇస్తారా అన్నవి. సమాచార పత్రం తెలుగులో ఇవ్వాలి, చదివి వినిపించాలి. మీ సంతకం ఒక్కటే చాలదు. ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు తమ నోటితో సరేననాలని మన దేశపు నియమం, కాబట్టి మీ అబ్బాయికి అర్థమయ్యేట్టు చెప్పి అతన్ని కూడా అడగాలి. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు, దానివల్ల అతని వైద్యానికి ఏ లోటూ రాకూడదు.

చివరగా, రోగనిరోధక శక్తి పెంచే పొడులు కొనమంటున్నారని అడిగారు. పైన చెప్పినదంతా చూశారు గదా, డెంగీలో పెరగాలో తగ్గాలో అని చెప్పదగిన ఒక్క శక్తి లేదు. ఏ యాంటీబాడీ, ఎంత, ఎక్కడ అంటుకుంటుంది అన్నదే లెక్క. ఆ లెక్కను మార్చగల పొడి ఏదీ లేదు, ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేయవద్దు. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి కంగారు పడవద్దు. సింగపూర్, మలేసియాల్లో 372 మంది పెద్దవారి మీద జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో, రక్తస్రావం లేకుండా ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల రక్తస్రావం ఆగలేదు. ఇంట్లో ఎవరికైనా మళ్లీ జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ ఇవ్వవద్దు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండడం కనిపిస్తే, జ్వరం దిగిపోయినా సరే, వెంటనే తీసుకువెళ్లండి. జ్వరం మీ అబ్బాయికే అయితే, అంతకుముందు రెండుసార్లు డెంగీ వచ్చిందని, ఏ నెలలో వచ్చిందో కూడా వైద్యుడికి చెప్పండి. పాత రిపోర్టులు పారేయకండి. రెండో నమూనాకు మీకిచ్చిన తేదీ దాటి వారం పది రోజులైనా వెళ్లండి, ఆలస్యమైన నమూనాకూ విలువ ఉంటుంది. ఆ రోజు జ్వరం ఎప్పుడు మొదలైందో తేదీతో సహా వారికి రాసి ఇవ్వండి, ఫలితాలన్నీ ఆ తేదీ నుంచే లెక్కిస్తారు.